మఖ్మల్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

"ఎనక షాకులు మార్పియ్యి సార్, బండి మఖ్మల్ లెక్క పోతది."

అవతారిక

మెదక్ జిల్లా మనోహరాబాద్ దగ్గర, హైదరాబాదు నుంచి నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఒక రేకుల షెడ్డులో, జాకీ మీదికెక్కిన కారు కింద పడుకుని మెకానిక్ సెలవిచ్చిన వాక్యమిది. వక్త ముఖం కనిపించలేదు, చెప్పులే కనిపించాయి. ఆర్షవాక్యానికి ఆ మాత్రం మరుగు ఉండాల్సిందే. ఇదే జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మేము ఆ ఒట్టులో మొదటి సగానికి కట్టుబడతాం. కిరాతార్జునీయానికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం, అంటే రాజమార్గం. మాదీ రాజమార్గం పక్కన పుట్టిన వ్యాఖ్యే, కాకపోతే సర్వీసు రోడ్డు మీద.

టీక

ఎనక = వెనక చక్రాలకున్న. ముందువి ఏం పుణ్యం చేసుకున్నాయని శంక. సమాధానం: డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు కారు వెనక భాగం తేలిక. అదే కారులో పెళ్లికి ఐదుగురెక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడేస్తే పెరిగిన బరువులో పెద్ద వాటా వెనక ఇరుసు మీదే పడుతుంది. కంపెనీవాడు ఈ రెండు అవస్థలకూ కలిపి ఒకటే షాకు ఇచ్చాడు. పైగా వెనక సీటు ఉండేది దాదాపు ఆ ఇరుసు మీదే. కాబట్టి ఫిర్యాదు ఎప్పుడూ వెనక నుంచే పుడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ముందు చక్రం ఎక్కిన గతుకును, అరవై వేగంలో పోయే స్విఫ్టు లాంటి కారు వెనక చక్రం సెకనులో ఏడో వంతు ఆలస్యంగా ఎక్కుతుంది. 1930లలో కాడిలాక్ కంపెనీలో మోరిస్ ఆలీ అనే ఇంజనీరు దీన్ని పట్టుకున్నాడు. వెనక స్ప్రింగులు ముందువాటికన్నా కాస్త చురుగ్గా ఊగితే, ఆలస్యంగా మొదలైన ఊపు ముందుదాన్ని అందుకుంటుంది. అప్పుడు బండి మొత్తం ఒకేసారి లేచి దిగుతుంది, ముందూ వెనకా ఎగిరెగిరి పడదు. ఆ లెక్క చూసుకునే కంపెనీ స్ప్రింగులకూ షాకులకూ జత కుదురుస్తుంది. వెనక మాత్రమే మరీ బిగువైనవి వేస్తే ఆ జత చెడవచ్చు, స్పీడ్ బ్రేకరు మీద వెనక సీటువాళ్లు పైకి ఎగరవచ్చు.

పాఠాంతరం: తూప్రాన్ ప్రతిలో 'ఎనక' స్థానంలో 'నాలుగూ' అని ఉంది. అర్థపుష్టి ఎక్కువే, అర్థవ్యయమూ ఎక్కువే. అయితే ఒకే ఇరుసు మీద ఒకటి మార్చి ఒకటి వదిలెయ్యడం ఏ ప్రతిలోనూ లేని దోషం.

షాకులు = షాకబ్జర్లు. 'బండిని మోసేది షాకే, నలుగురెక్కగానే తోక దిగుతోందంటే అది పోయినట్టే' అని పూర్వపక్షం. కాదు. మోసేది స్ప్రింగు, బొలేరోలో అయితే వెనక కమాను పట్టీలు. ఊగే స్ప్రింగును ఊరుకోబెట్టడమే షాకు పని. లోపల నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకు సన్నటి రంధ్రాలు. ఆ రంధ్రాల్లోంచి నూనె ఇరుక్కుని పోతుంటే ఊపులోని శక్తి వేడైపోతుంది. గతుకుల దారిలో పరుగెత్తి వచ్చిన బండి షాకును ముట్టుకుంటే వెచ్చగా తగిలేది అందుకే. తోక దిగితే చూపించాల్సింది స్ప్రింగును.

'గ్యాసువి' అని అధ్యాహారం. ఒకే గొట్టం రకంలో నైట్రోజన్ 20 నుంచి 30 బార్ల ఒత్తిడితో ఉంటుంది, టైరులో గాలి రెండు బార్లు దాటితే గొప్ప. ఆ ఒత్తిడికి నూనె నురగ కట్టదు, పట్టు వదలదు. గంటల తరబడి గతుకులు తినే బండికి ఇది వరమే. మనోహరాబాద్ నుంచి కాళ్లకల్ ఫ్యాక్టరీకి పోయొచ్చే కారులో నూనె నురగ కట్టేంత ఘనకార్యం జరగదు.

మార్పియ్యి = మార్పించు. దేన్ని తీసి దేన్ని? డిక్కీ మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే షాకు బతికే ఉంది. రెండు మూడు సార్లు ఊగినా, గొట్టం మీద నూనె తడికి దుమ్ము అట్ట కట్టినా ఆయుష్షు తీరింది. తీరినదాని స్థానంలో కంపెనీదే కొత్తది వేసినా మఖ్మలే. పాతది పోయిన సుఖాన్ని కొత్తదాని బ్రాండు ఖాతాలో రాయడం ఈ శాస్త్రంలో తరచు జరిగే పొరపాటు. (మన దేశంలో 1961లో మొదలైన షాకుల కంపెనీ గాబ్రియేల్ పేరు, అసలు అమెరికాలో క్లాడ్ ఫోస్టర్ తయారుచేసిన కారు హారనుది. కుదుపుల పని ఆయన తరువాత పట్టుకున్నాడు.)

సార్, బండి: స్పష్టం.

మఖ్మల్ లెక్క = మఖమలు వలె. ఉపమేయం బండి, ఉపమానం మఖ్మల్, వాచకం 'లెక్క'. సాధారణ ధర్మం చెప్పలేదు గనుక లుప్తోపమ. వాక్యానికి ఆయువుపట్టూ, వక్తకు తప్పించుకునే దారీ ఈ లోపమే. లోపించిన ధర్మం మెత్తదనమా, నిలకడా? కారు ఒళ్లు తనంతట తాను సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. హైవేలో వంతెన దిగగానే కడుపులో తిప్పేది ఆ ఊపే. బిగువైన షాకు దాన్ని చప్పున అణుస్తుంది. కానీ మన ఒంటికి బాగా సహించనివి సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే కుదుపులు. బిగువైన షాకు వీటిని ఇంకాస్త నమ్మకంగా నడుముకు చేరవేస్తుంది. మార్కెట్లో 'మెరుగైన' షాకులన్న పేరుతో దొరికేవాటిలో చాలావరకు బిగువైనవే. కాబట్టి నిలకడ అని అన్వయిస్తే వాక్యం సత్యం, మెత్తదనం అని అన్వయిస్తే అతిశయోక్తి. షెడ్డులో డబ్బు కట్టేవాడు రెండో అన్వయంతో కడతాడు.

పోతది = పోవును. ఎక్కడ అని అడగాలి. నాలుగు వరుసల రోడ్డు మీద పోతుంది. రోడ్డు దిగి ఊళ్లోకి మళ్లాక సందేహం.

తాత్పర్యం

చచ్చిన షాకుల్ని జతగా మార్పించు, సుఖపడతావు. బతికున్నవాటిని మెత్తదనం కోసం మార్పించకు. తలుపు పక్క చట్రం మీద అంటించిన కాగితం చూసి టైర్లలో గాలి సరిచేసుకో, రబ్బరు బుష్షులు అరిగాయేమో చూపించుకో. కటకటమనే చప్పుడు సగం సార్లు వాటిదే.

ప్రక్షిప్తం

మూలం చివర "లేబర్ అలగ్ సార్" అని మరో వాక్యం కనిపిస్తుంది. శైలి వేరు, గొంతూ కొంచెం తగ్గింది కనుక తరువాత ఎవరో చేర్చారని అనుమానించవచ్చు. కానీ తూప్రాన్ ప్రతిలోనూ ఉంది, మేము చూసిన అన్ని ప్రతుల్లోనూ ఉంది.