వీలునామా తాతగారు

కోనసీమలో ఏ ఊరెళ్ళినా ఒక వీలునామా తాతగారు తగులుతారు. పెంకుటింటి అరుగు మీద పడక్కుర్చీ, నోట్లో చుట్ట, మొలతాడుకి ఇనప్పెట్టె తాళంచెవి. వీలునామా అంటే పోయాక పనికొచ్చే కాగితమని లోకం అనుకుంటుంది. ఈయన దాన్ని బతికుండగానే వాడేసుకుంటారు.

"కొబ్బరితోట రెండోవాడి పేర రాద్దామనుకుంటున్నానోయ్" అని పాలేరుతో అంటారు, వంటింటికి వినపడేటట్టు. ఆ మధ్యాహ్నం పెద్దకోడలు పులస పులుసు పెడుతుంది. మర్నాటికి రెండో కోడలు ఆత్రేయపురం పూతరేకులు తెప్పిస్తుంది, షుగరున్న మనిషని తెలిసి కూడా. గోదారికి ఎర్రనీరొచ్చి పులస దిగే రోజుల్లోనే ఈయనకి ఆస్తి మీద కొత్త ఆలోచనలు పుడతాయి, గమనించండి.

చట్టం కూడా ఈయన పక్షమే. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఎన్నిసార్లు తిరగరాసినా ఆఖరుదే చెల్లుతుంది. 1925 నాటి వారసత్వ చట్టం ఇద్దరు సాక్షులుండాలని మాత్రం పట్టుబట్టింది. అక్కడే ఈయనకి తంటా. పాత సాక్షులంతా ఈయన ఈడువాళ్ళు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"మీ నాన్న సంతకం పెట్టి నాకంటే ముందే పోయాడ్రా. నువ్వు గట్టిగా ఉన్నావు, ఇలా రా."

ఆ కుర్రాడు కాగితంలోకి తొంగిచూస్తే, అరచెయ్యి అడ్డం పెడతారు. "నే సంతకం పెట్టడం చూడు, చాలు. లోపలేముందో సాక్షికి అనవసరం." నిజమే, చట్టప్రకారం అనవసరమే.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు బతికుండగానే ఆస్తంతా హితకారిణీ సమాజానికి ఇచ్చేశారని ఎవరైనా గుర్తుచేస్తే, "ఆయనకి కోడళ్ళెక్కడివండీ!" అని కొట్టిపారేస్తారు.

ఈయన నోరు మూయించగలిగింది దస్తావేజులు రాసే ఆయన ఒక్కరే. "ఆయ్, చేలన్నీ పిత్రార్జితం కదండీ. మీ వాటా వరకే మీరు రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005 సవరణ తరవాత అమ్మాయిగారికీ పుట్టుకతోనే వాటా ఉందండి."

తాతగారు అటూ ఇటూ చూసి, రాతకూలి మీద మరో అయిదొందలు ఆయన జేబులో పెట్టారు. "ఈ ముక్క మా ఇంటిదాకా రానివ్వకు నాయనా."

కాబట్టి కోడళ్ళూ, పొలం స్వార్జితమో పిత్రార్జితమో ముందు కనుక్కోండమ్మా. వేలుపోసి చేప కొనడం ఆ తరవాత చూసుకోవచ్చు.