కంచం కడిగే చదువు

ఇంట్లో తిన్న కంచం తీసెరగని సుపుత్రుడు డాలస్‌లో ఎమ్మెస్ చేస్తూ డైనింగ్ హాల్లో కంచాల గుట్టలు కడుగుతున్నాడు. ఎఫ్-1 వీసా కదా, క్లాసులున్నప్పుడు వారానికి 20 గంటలకు మించి కడగనివ్వరు! అమ్మ సర్దిన 23 కిలోల పెట్టెలోంచి చికెన్ పచ్చడిని కస్టమ్స్ వారు చెత్తబుట్టకు నైవేద్యం పెట్టారు. ఆవకాయ గట్టెక్కింది. అన్నంలోకి పోపు పెడదామంటే పొగ అలారం గగ్గోలు. దానికి ఇంగువ పడదు కాబోలు. దాంతో పిజ్జా పెట్టే ప్రతి సెమినార్‌లోనూ బాబుది ముందు వరుసే. నిన్నటిది గొర్రెల పెంపకం మీద! 'ఏం తిన్నావురా?' అని అమ్మ అడిగితే 'పప్పన్నమే' అంటాడు. నాన్నగారు మాత్రం పెళ్లిళ్ల పేరయ్యతో అప్పుడే చెప్పేశారు: 'మావాడు అక్కడ ఫుడ్ ఇండస్ట్రీలో ఉన్నాడండీ!'