చిన్న గేరు, పెద్ద పట్టు

విధాత మానవునకు రెండు చేతులను రెండు కాళ్ళను మాత్రమే ప్రసాదించి, వానితోనే సంసారమీదుకొమ్మని భూలోకమునకు పంపియుండగా, జీపును నిర్మించిన మహానుభావులు ఆ సంగతిని లవలేశమైనను విచారింపక, దానియందు క్రింద మూడు తొక్కుడు పలకలను, నడుమ మూడు ఇనుపదండములను, ఎదుట ఒక చక్రమును అమర్చి, వీనినన్నింటిని ఒక్క మనుష్యుడే, అదియును గోతులలో ఎగిరెగిరి పడుచు, నడుపవలెనని శాసించిరి. ఆ మూడు దండములలో పెద్దది అందరెరిగిన గేరు. దానితో నాకెన్నడును వైరము లేదు. దాని ప్రక్కన పొట్టిగా, ఎవరితోను పొత్తు లేనట్లు నిలిచియుండు చిన్న గేర్లు రెండు కలవు. అందు మొదటిది ఇంజను బలమును ముందు ఇరుసునకు కూడ కలిపి నాలుగు చక్రములచేతను బండిని లాగించునది. రెండవది వేగమును ఇంచుమించు సగము చేసి బలమును ఇంచుమించు రెట్టింపు చేయునది. బలమంతయు వెనుక ఇరుసుపైననే పడి అది విరుగకుండుటకై, మొదటిది పడినగాని రెండవది పడని కట్టుదిట్టమొకటి లోపల చేసియున్నారు. కావున మొదటి దండమునకు కోపము వచ్చినచో రెండవదియు పని మానును. నేను చెప్పబోవునది ఆ మొదటి దండము కోపమును గూర్చియే.

ఈ వాహనము పుట్టుకయే యుద్ధమునకై. 1941 మొదలు యుద్ధము ముగియువరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు కర్మాగారములు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసి సకల ఖండములలోని బురదలోనికి తోలినవి. ఆనాటి జీపు వెడల్పు అయిదడుగుల రెండంగుళములు. ఈ కొలతను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది. మన దేశమున 1947లో జీపులను కూర్చుట ఆరంభించిన సంస్థను, 1945లో మహీంద్రా సోదరులును గులాం మహమ్మదను పెద్దమనిషియు కలిసి ఉక్కు వర్తకమునకై స్థాపించిరి. ఆ గులాం మహమ్మదు కొంతకాలము నిజాము ప్రభుత్వమున ఆర్థికశాఖను చూచినవాడు. దేశవిభజనానంతరము పాకిస్తానునకు పోయి అచ్చటను ఆర్థికమంత్రియై, 1951లో గవర్నరు జనరలు పీఠమెక్కెను. ఇచ్చట 1948లో సంస్థ పేరు మారెను. కావున జీపునకును మా హైదరాబాదునకును దూరపు చుట్టరికము కలదని నేను వాదించుచుందును. "దూరపు చుట్టరికమెందుకు బావా, నేను లేనా?" అని మా బావమరిది అనుచుండును.

అతడున్నాడు గనుకనే ఈ వ్యాసము. మహేశ్వరము దాటిన తరువాత అతనికి కొంత చెలక యున్నది; ఆ చెలకకు పోవు త్రోవలో ఒక వాగున్నది; ఆ వాగును సాకుగా చూపి జీపు కొన్నాడు. అది ఏ కంపెనీదని అడిగినవారికి సమాధానము చెప్పుట కష్టము. ముక్కు ఒకచోటిది, నడుము ఒకచోటిది. తలుపులు లేవు గాని, ఉన్నచో అవి తప్పక జుమ్మేరాత్ బజారునుండి వచ్చియుండును. ఇట్టి బండిలోని దోషమునకు ఏ కర్మాగారమును నిందించుట న్యాయము కాదు. దీనిని నిలుపుటకు తన యింట చోటు లేదని అతడు గౌలిపురాలోని మా యింట నిలిపెను. మాది పాతకాలపు దేవిడీలో మిగిలిన ఒక ముక్క. కమానుండుటచే ఊరివారి బండ్లన్నియు మాకు బంధువులే.

బావమరిదికి ఈ నాలుగు చక్రముల విషయమున ఒక సిద్ధాంతము కలదు. "కొట్టంల నాలుగెడ్లుంటే రెండిటితోటి దున్నేటోడు ఎవడన్న ఉంటడా బావా?" అనునదే ఆ సిద్ధాంతము. దానిని అనుసరించి అతడు వాగులో వేసిన చిన్న గేరును వాగు దాటినను తీయక, అట్లే తారురోడ్డెక్కి, చాంద్రాయణగుట్టమీదుగా ఫలక్‌నుమా వద్ద మలుపులు తిరిగి, షా అలీ బండా దాటి, మూలమూలనను టైర్లు కీచుమని మొరపెట్టుకొనుచుండగా మా కమానులోనికి తెచ్చి, తాళపుచెవులు నా చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెడలిపోయెను.

మరునాడు అఫ్జల్‌గంజ్ వరకు పోవలసిన పని పడి, నేను జీపెక్కి చిన్న గేరును తీయబోతిని. అది కదలలేదు. దాని తలపై నల్లని గుండ్రని పిడి. అంకెలు అక్షరములు అరిగి, మధ్య ఒక తెల్లని గీత మాత్రము మిగిలినది. దానిని అరచేత పట్టి లాగితిని. రెండు చేతుల లాగితిని. పాదమును ఎదుటి రేకుకు తన్నిపెట్టి, ఊపిరి బిగించి, కులదైవమును తలచుకొని లాగితిని. బండి యావత్తు ముందు వెనుకలకు ఊగినది. సీటు క్రింది సంచిలోని పానాలు గలగలలాడినవి. కళ్ళజోడు జారి క్లచ్చి క్రిందికి పోయినది. గేరు మాత్రము మొదట నున్నచోటనే, అంగుళములో నూరవవంతైనను చలింపక, నిలిచియుండెను. పురానీ హవేలీలో ఆరవ నిజాము వస్త్రాగారమున చేతితో నడుపు కొయ్య లిఫ్టొకటి నేటికిని కలదు. మహబూబ్ అలీఖాన్ వారికి అట్టి వానిని త్రిప్పుటకు మనుష్యులుండిరి. ప్రభువులకును మనకును నిజమైన తారతమ్యమిదియేనని ఆనాడు నాకు తోచెను.

పాతబస్తీలో ఒకని బండి ఆగినచో అది వాని సొంత వ్యవహారము కాదు. నిమిషములో సందంతయు వైద్యమునకు సిద్ధమయ్యెను. ఎదురింటి విశ్రాంత తహశీల్దారుగారు అరుగుపైనుండియే "తన్నండి, తంతే గాని లొంగదు" అని సెలవిచ్చిరి. ఆయన ఉద్యోగకాలమున జీపులలో తిరిగినవారే గాని, నడిపినది డ్రైవరు. గాజుల మలారముతో లాడ్‌బజారునకు పోవుచున్న ఒక పెద్దాయన ఆగి, "జోర్ నక్కో మియా, ప్యార్‌సే" అని ప్రేమమార్గమును బోధించెను. మా యావిడ లోపలినుండి "ఏమండీ, ఆముదం పోసి చూడరాదూ?" అనెను, ఆమె యభిప్రాయమున పట్టేసిన నడుమునకును, తెరచుకొనని తలుపునకును, చిన్నపిల్లల కడుపునొప్పికిని ఔషధమదియే. ఎవరో చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుమనిరి. పెట్టితిమి. నాలుగు నిమ్మకాయలును నలుగక, మరునాడు పులిహోరకు ఉపయోగపడినవి.

తుదకు షా అలీ బండా మలుపులో దుకాణము నడుపుచున్న ఉస్తాదును పిలిపించితిమి. ఆయన వెంట ఛోటా అనబడు కుర్రవాడొకడు వచ్చెను. ఉస్తాదు గేరును తాకనైన తాకలేదు. బండి చుట్టును ఒకమారు తిరిగి, ముందు చక్రమును బూటుకాలితో నొక్కి చూచి, "ఎవలు తెచ్చిండ్రు సాబ్? రోడ్డుమీద గిట్లనే తెచ్చిండ్రా?" అని అడిగెను. బావమరిది తెచ్చెనంటిని. "హౌ" అని ఆయన తల యూపిన విధమును బట్టి, ఆయనకును బావమరదులున్నారని గ్రహించితిని. ఇంతలో ఛోటా, ధూళి తుడుచుటకై, డాష్‌బోర్డుపై అతికించియున్న యాదగిరి నరసింహస్వామివారి పటమును మెల్లగా లేవదీయగా, దాని క్రింద ఒక ఇత్తడి రేకు బయటపడినది. ఎండి గట్టిగా నున్న రోడ్లపై ముందు ఇరుసును కలిపి నడుపరాదని దానిపై ఇంగ్లీషున చెక్కియున్నది. బావమరిది చట్టమును దేవునితో కప్పియుంచెనన్నమాట!

"చిన్న గేరు ఖరాబ్ గాలే సాబ్. లోపల గాడీకి పురి ఎక్కింది. జోర్ జేస్తే ఇంకింత పట్టుకుంటది" అని ఉస్తాదు తేల్చెను.

ఈ పురి యేమో కొంత వివరింపవలసియున్నది. బండి మలుపు తిరుగునప్పుడు నాలుగు చక్రములును నాలుగు దారుల పోవును. వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును తిరుగుటయే గాక, ముందు చక్రములు వెనుక చక్రములకంటె పెద్ద వలయమున తిరుగును. కుడియెడమల తగవు తీర్చుటకు ప్రతి ఇరుసు నడుమను డిఫరెన్షియలను మధ్యవర్తి యుండును. ముందువెనుకల తగవు తీర్చువాడు మాత్రము ఈ జీపులో లేడు. చిన్న గేరు వేసినంతనే రెండు ఇరుసులును ఒక్క లెక్కన తిరుగవలసినదే. మట్టిలో ఇసుకలో బురదలో ఈ వ్యత్యాసము చక్రము కొంచెము జారుటతో తీరిపోవును. గట్టి తారుపై చక్రము జారదు. జారనందున ఆ మిగిలిన తిరుగుడంతయు ఇరుసులలోను, కడ్డీలలోను, పళ్ళలోను చేరి మలుపు మలుపునకును మెలి పడుచుండును. ఆ మెలి బిగువున లోపలి పళ్ళు ఒకదానినొకటి ఎంత గట్టిగా అదుముకొనునో, మనము చిన్న గేరును పట్టి లాగుట ఆ అదుమును ఎదిరించి లాగుటయే. మహేశ్వరమునుండి గౌలిపురాకు గల మలుపులన్నింటిని మా బావమరిది గేరు పెట్టెలో దాచి తెచ్చెను.

మందు? "జర పీఛే లేవ్" అనెను ఉస్తాదు. చక్రమును తిన్నగా ఉంచి, బండిని కొన్ని గజములు వెనుకకు నడిపినచో, మెలి వచ్చిన దారినే విడును; విడుచున్న ఆ క్షణమున దండముపై చేయి ఉంచిన చాలును. అంతకును విడనిచో ఒక చక్రమును జాకీతో లేపినను పురి విడునట. ఇంతటి శాస్త్రమునకు ఇంత చిన్న చికిత్సయా యని నాకు నమ్మకము కలుగలేదు. అయినను బండిని ముందుకు తీసి, కమాను దాటి సందులోనికి తెచ్చి, వెనుకకు నడుపుటకు సిద్ధమైతిని.

ఇచ్చట మా సందును వర్ణింపక తప్పదు. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి మూసీ వరద నగరమును ముంచెత్తిన తరువాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, వీధులను వెడల్పుచేసి, పత్తర్‌గట్టీవంటి రాతి బజారులను తీర్చి నిలిపినది. ఆ వెడల్పు చార్మినారువరకు, మదీనావరకు విలసిల్లి, మా సందు మొగకు వచ్చుసరికి ఏ కారణముననో చేయి వెనుకకు తీసికొన్నది. సందు ఎనిమిదడుగులు, జీపు అయిదడుగుల రెండంగుళములు, మిగిలిన స్థలమున ఇరువైపుల మెట్లు, మురికికాలువ, మేకలు, నీళ్ళడ్రమ్ములు, తహశీల్దారుగారు. ఇట్టిచోట రెండు బండ్లు ఎదురుపడినచో ఒకరు వెనుకకు పోవలసినదే. ఎవరు పోవలెననునది చట్టమునందు లేదు. మొదట ఇరువురును ఇంజను ఆపుదురు. తరువాత ఒకరినొకరు చూచుకొందురు. ఒకరు బీడీ వెలిగింతురు. పైమేడలనుండి జనము తొంగిచూచి లెక్క వేయుదురు: ఎవరి వెనుక తక్కువ బండ్లుండునో వారు వెనుకకు పోవలెను. ఈ తీర్పునకు అప్పీలు లేదు.

నేను సందులోనికి రాగానే బడిపిల్లలను కిక్కిరిసి నింపుకొన్న ఆటో ఒకటి ఎదురైనది. దాని వెనుక ఉల్లిగడ్డల బండి; దాని వెనుక స్కూటరుపై ఇద్దరు మనుష్యులును ఒక గొఱ్ఱెపోతును. నా వెనుక ఎవరును లేరు. పైమేడనుండి ఏకగ్రీవముగా "పీఛే లేవ్ సాబ్!" అని తీర్పు వచ్చెను. ఉస్తాదు చెప్పినదియు, సందు చెప్పినదియు ఒక్కటే! తిన్నగా వెనుకకు నడుపుచు, ఎడమచేతిని చిన్న గేరుపై వేసి, ఇంతకుముందువలె గాక మర్యాదగా నొక్కి పట్టితిని. వేపచెట్టు దాటునప్పటికి లోపల ఎచ్చటనో ఒక నిట్టూర్పువంటి కదలిక, తరువాత "టక్కు". దండము నా చేతిలో తనంతట తాను జారిపోయినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. అవి ఆటో కదలినందులకని తరువాత తెలిసినది.

పురి విడినను దండము కొంత బిరుసుగానే యున్నది. ఉస్తాదు నడుమనున్న రేకును విప్పి చూపెను. గేరు పెట్టె వెలుపలికి వచ్చు రెండు కడ్డీలపైనను బురద పేరుకొని, ఎండి, దాని మాటున తుప్పు పట్టియుండెను. దండములు తిరుగు కీలునకు గ్రీజు ఎక్కించు రంధ్రమొకటి కలదుగాని, అందు ఏ గ్రీజును చిరకాలమునుండి ప్రవేశింపలేదు. ఛోటా గ్యాసునూనెలో ముంచిన గుడ్డతో బురదను కరగించి, సన్నని ఉప్పుకాగితముతో కడ్డీలను వెండిగొలుసులవలె మెరయునట్లు రుద్దెను. గేరును దాని స్థానమున పట్టియుంచు ఉక్కు గోళీని, స్ప్రింగును ఉస్తాదు స్వయముగా తీసి, అరచేత దొర్లించి చూచి, మరల ఉంచెను. పాత నూనె తీసి క్రొత్త నూనె పోసిరి. పౌనా చాయలు రెండుమార్లు వచ్చినవి, ఉస్మానియా బిస్కత్తులతో. పనికంటె పౌనాలకే ఎక్కువ సమయము పట్టినది; అందుకు నాకేమియు అభ్యంతరము లేదు.

పోవునప్పుడు ఉస్తాదు, "అప్పుడప్పుడు మట్టిలకు తీస్కపోయి చిన్న గేరు వేసి తీస్తుండాలె సాబ్, లేకుంటే మళ్ళ పట్టేస్తది" అనెను. పాతబస్తీలో మట్టి యెక్కడిదని చింతింపనక్కర లేకపోయినది. పైపులకై ఒకరును, తీగెలకై ఒకరును త్రవ్వి, పూడ్చుట మరచిన త్రోవ మా వాడలో ఏ నెల చూచినను ఒకటైన నుండును. ఇప్పుడు నేను నెలకొకమారు జీపును అచ్చటికి తీసికొనిపోయి, వ్యాయామము చేయించి తెచ్చుచున్నాను.

వానలు మొదలైన పిమ్మట బావమరిది వచ్చెను. నేను కొంత గర్వముతో జీపులో కూర్చుండబెట్టి, చిన్న గేరును రెండు వ్రేళ్ళతో వేసి, రెండు వ్రేళ్ళతో తీసి చూపితిని. అతడును వేసి తీసెను. మరల వేసెను. అతని ముఖము చిన్నబోయినది.

"గింత అల్కగా పడుతుందంటే లోపల ఏందో ఊడింది బావా. ఇదివరకు ఎట్లుండె! రెండు చేతులతోటి గుంజితే గాని రాకపోయేది. దాని మీదనే నాకు భరోస" అని, నా మాట వినిపించుకొనక, తిన్నగా షా అలీ బండా మలుపునకు తోలుకొనిపోయి, దానిని మునుపటివలె గట్టిచేయుమని ఉస్తాదును కోరెను. ఉస్తాదు నా వంక చూచెను. బావమరిది వంక చూచెను. ఛోటాను పౌనాకై పంపెను.

"చేస్త సాబ్," అనెను, "గని వదులు చేసేదానికన్న బిగిచేసేదానికి పైసల్ జర ఎక్కువైతయ్."