హోము విడిచి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

హోము విడిచి రూటు నొక్కటే చెరపుము
కోత రాని పూట కోరి మొదలు
పెట్టు, జేబునందు పెండ్రైవు నుంచుమా
గనుల యూరి వాడ! కనుము తెలివి.

అవతారిక: ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025 మే నెలతో ముగిసింది. అదే ఏడు అక్టోబరు 14న విండోస్ 10కూ ఆ గతే పట్టింది. కొత్త ల్యాప్‌టాప్ కొనలేక, పాతది పారెయ్యలేక, ఉబుంటు 24.04 వేసుకుందామని కూర్చున్న కోలారు జిల్లా గృహస్థుడికి ఛందస్సు తెలిసిన మెకానిక్కొకడు చేసిన ఉపదేశమిది.

ప్రతిపదార్థం: గనుల యూరి వాడ = ఓ కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) నివాసీ; హోము విడిచి = నీ ఫోటోలు, ఉత్తరాలు, లెక్కలు ఉండే ‘స్లాష్ హోమ్’ విభాగాన్ని ముట్టక; రూటునొక్కటే = ఒంటి స్లాష్ గీతే పేరుగా గల, సిస్టమ్ ఉండే విభాగాన్ని మాత్రమే; చెరపుము = ఫార్మాట్ చేయుము; కోత రాని పూట = కరెంటు తీయని వేళ చూచి; కోరి మొదలుపెట్టు = బుద్ధిపూర్వకంగా ఆరంభించు; జేబునందు = చొక్కా జేబులో; పెండ్రైవున్ = ఉబుంటు ఎక్కించిన 8 జీబీ పెన్‌డ్రైవును; ఉంచుమా = ఉంచుకొనుము; తెలివి కనుము = స్పష్టము.

తాత్పర్యం: ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు ‘డిస్కంతా తుడిచెయ్’ అన్న మొదటి మాటకు లొంగక, మాన్యువల్ పార్టిషన్ ఎంచుకొని, రూటు పక్కన ఫార్మాట్ టిక్కు పెట్టి, హోము పక్కన టిక్కు తీసి, యూజరు పేరు పాతదే ఇవ్వవలెనని భావం.

విశేషాలు: ‘హోము విడిచి’ అన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ఇల్లు విడిచి, చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరు సర్వీసు సెంటరులో ఇచ్చి రమ్మని ఈ ఊరి రాబర్ట్‌సన్‌పేట వారి అన్వయం. రోజూ అలా పనికి పోయి వచ్చేవాళ్లకు ఆ అర్థమే ముందు తోచడం సహజమే. కాని సర్వీసు సెంటరు కుర్రవాడు అడగకుండా డిస్కంతా తుడిచేస్తాడు కాబట్టి, అది కవి హృదయానికి సరిగ్గా విరుద్ధం.

రూటూ హోమూ వేరుగా ఎందుకుండాలని ఈ ఊరివాడు అడగడు. 1880లో గనుల కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది మొదలు ఇక్కడ పని, క్వార్టర్సు, ఆసుపత్రి, నీళ్లు అన్నీ కంపెనీవే. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అని యజమానులు మారారు. అవన్నీ అప్‌గ్రేడ్లు, సంసారాలు చెక్కుచెదరలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పుడు జరిగింది ఫార్మాట్. అంతా ఒకే పార్టిషన్‌లో ఉండడం వల్ల జీతంతో పాటు ఆసుపత్రీ పోయి, క్వార్టర్సు ఎవరివన్న తగవు మిగిలింది. బ్యాకప్ తీసుకోమని ముందుగా చెప్పినవాడూ లేడు. ఇంత అర్థాన్ని మెకానిక్కు ఉద్దేశించాడా అంటే, ఉద్దేశించలేదనే నా నమ్మకం. వ్యాఖ్యాత అన్నాక కాస్త తవ్వుతాడు, ఇది గనుల ఊరు.

‘కోత రాని పూట’ అనడం వ్యర్థపద దోషమని ఈ ఊరి ఆండర్సన్‌పేట వారి ఆక్షేపణ. శివనసముద్రం జలవిద్యుత్కేంద్రం కరెంటు 1902లోనే సుమారు 150 కిలోమీటర్ల తీగల మీద ఇక్కడికి వచ్చింది. బెంగళూరు దీపాలు 1905 దాకా ఆగాయి. అలాంటి ఊళ్లో కోత మాటేమిటని శంక. ఆ కరెంటు గనికోసం వచ్చిందిగాని మన వీధికోసం కాదని సమాధానం. కవి కోతకు భయపడింది ఊరికే కాదు. రూటు చెరపకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే అప్‌గ్రేడ్ చేస్తే 20.04 నుంచి 24.04కు ఒక్క గెంతులో పోలేము, నడుమ 22.04 మీద కాలు మోపాల్సిందే. అంటే వేల ప్యాకేజీలు రెండుసార్లు మారాలి. సగంలో కరెంటు పోయి, బ్యాటరీ ముసలిదైతే, కొన్ని ప్యాకేజీలు విప్పి ఉంటాయి, అమర్చి ఉండవు. అప్పుడు ‘సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఎ’ అనే మంత్రం చాలాసార్లు పనిచేస్తుంది. పనిచేయని నాటికే ‘జేబునందు పెండ్రైవు’.

‘తెలివి’ అన్నది పాదపూరణమని కొందరు. పోనిద్దాం.

మరొక శంక: తెలుగు, కన్నడం, తమిళం మూడూ టైపు చేసే ఇంట్లో హోము నిలిస్తే మూడు కీబోర్డులూ నిలుస్తాయా? భాషల జాబితా హోములోది గనుక నిలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతి వాడేవారికి మాత్రం ‘ఐబస్-ఎం17ఎన్’ అనే ప్యాకేజీ కావాలి; అది రూటులోది గనుక పోతుంది. జాబితాలో తెలుగు పేరుంటుంది, తెర మీద ఇంగ్లీషే పడుతుంది. కాబట్టి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐబస్-ఎం17ఎన్’ అని కొట్టి, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ రావలెనని టీకాకారుని మతం.