గోదాముకు భూమి చదును చేస్తున్నారా? ఈ సలహాలు చెవిన పెట్టకండి

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు ఎన్నో పొలాలు గోదాములయ్యాయి. గోదాములు వద్దని ఎవరూ అనరు. కానీ జేసీబీ దిగే రోజున భూమి యజమానికి అందే సలహాలు ఊరి కొంప ముంచుతున్నాయి.

1. “ఎండిన వాగే కదా అన్నా, మొరం పోసేద్దాం.”
ఎండాకాలంలో వాగు మేకల బాటలాగే కనిపిస్తుంది, నడుమ తంగేడు పొదలు మొలిచి ఉంటాయి. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి దూకితే నీళ్లు ఈ దారినే కింది చెరువుకు చేరాలి. దారి మూస్తే అవి ఇళ్లలోకి వస్తాయి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి దిగువ కాలనీలు మునిగాయి. నీళ్లకు దారి లేకపోతే ఏమవుతుందో అప్పుడు నగరమంతా చూసింది. ముందు గ్రామ నక్షా తెప్పించి వాగు ఎటు పోతుందో గుర్తు పెట్టండి. పక్కన చెరువు కూడా ఉంటే, 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి.

2. “పైమట్టి అమ్మేస్తే డీజిల్ ఖర్చులొస్తాయి.”
అంగుళం పైమట్టి తయారుకావడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని విడిగా తీసి, కుప్ప పోసి, కప్పి ఉంచండి. పని అయ్యాక హద్దుల వెంట చెట్లకు అదే వాడండి.

3. “మొత్తం ఒకే మట్టం చేసి రోలర్ తొక్కించండి.”
రోలర్ తొక్కిన నేలలో నీళ్లు ఇంకవు. ఎకరంపై ఒక సెంటీమీటర్ వాన పడితే 40 వేల లీటర్లు. పదెకరాలపై ఐదు సెంటీమీటర్లు పడితే 20 లక్షల లీటర్లు. అందులో చాలా భాగం మొరాన్ని మోసుకుంటూ పక్క మడిలోకి దిగుతుంది. మరునాడు వరి నారుపై ఎర్రటి బురద పేరుకుని ఉంటుంది. అందుకే షెడ్డు, లారీల యార్డు కిందే గట్టిపరచండి. పల్లం వైపు మట్టిని ఆపే గుంట, ఇంకుడు గుంతలు మొదటి వానకు ముందే తవ్వండి.

4. “ఊళ్లోంచి టిప్పర్లు పోనీ, దగ్గరదారి.”
ఆ దారిలో బడి ఉంటుంది, అంగన్‌వాడీ ఉంటుంది. లోడుపై పట్టా కప్పండి, దారి తడపండి, బడి వేళల్లో బండ్లు ఆపండి.

5. “ముందు చదును చేద్దాం, అనుమతులు తర్వాత.”
పర్యావరణ అనుమతి అవసరమైన ప్రాజెక్టులో అది చేతికి రాకముందు కట్టడమే కాదు, భూమిని సిద్ధం చేయడం కూడా కుదరదని 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ చెబుతోంది. కాబట్టి చదును కూడా అనుమతి తర్వాతే.

ఊరివాళ్లకు ఒక మనవి: వాగు ఫొటోలు, నక్షా ప్రతి జతచేసి పంచాయతీకి, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. షెడ్డు లేచాక వాగును వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. మొదటి టిప్పర్ రాకముందే కదలండి.