మూత కింద నేను

నేను సెప్టిక్ ట్యాంకును. హన్మకొండ అంచున ఒక కాలనీలో, ఇంటి వెనక, వేపచెట్టుకూ బోరుకూ నడుమ నేలలో ఉంటాను. నా నెత్తిన మూడు రాతి బండలు, వాటి మీద బట్టలుతికే జాగా. ఇంట్లోవాళ్లకు నేను గుర్తొచ్చేది వాసన కొట్టినప్పుడు, లేదంటే పెళ్లికి చుట్టాలు దిగినప్పుడు. మిగతా రోజుల్లో బకెట్టెడు నీళ్లు పోసి, తలుపేసుకుని పోతారు. ఆ తర్వాతి కథంతా నాది.

ఇల్లు కట్టిన ఏడే నేనూ పుట్టాను. ఇంటాయన ఆర్టీసీ కండక్టరు, చిల్లరతో సహా లెక్క చూసే మనిషి. గొయ్యి తవ్వించి, నాలుగు వైపులా ఇటుక గోడ లేపించి, నడుమ అడ్డుగోడ పెట్టించాడు. అడుగున కాంక్రీటు వేయాల్సిన రోజున మేస్త్రీ ఆగాడు.

"అడుగెందుకు సారూ, సిమెంటు దండగ. అడుగేస్తే రెండు మూడేండ్లకే నిండుతది, బండి పిలవాలె. మట్టి ఇడిసిపెడితే నీళ్లు ఇంకుతయి. పదేండ్ల దాకా మీకు ఫికర్ ఉండది."

ఇంటాయనకు ఆ మాట నచ్చింది. అట్లా నేను అడుగు లేకుండానే పుట్టాను. రెండో అర నుంచి ఒక గొట్టం తీసి వీధి మోరిలో కలిపారు. మిగిలిన సిమెంటుతో గేటు పక్కన అరుగు కట్టుకున్నారు. సాయంత్రాలు అందరూ దాని మీదే కూర్చుంటారు.

నాలాంటివాళ్లు ఎట్లా ఉండాలో ఐఎస్ 2470 అనే భారతీయ ప్రమాణంలో రాసి ఉంది. నీరు కారని అడుగూ గోడలూ ఉండాలి. లోపలికి వచ్చిన నీరు ఒకటి రెండు రోజులు నిలవాలి. బరువైనది కిందికి దిగి మడ్డిగా పేరుకుంటుంది, నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి, నడుమనున్న నీరు మాత్రమే బయటికి పోవాలి. గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు మడ్డిని కొంత అరగదీస్తాయి. ఎంత అరిగినా బయటికి పోయే నీటిలో రోగక్రిములు మిగిలే ఉంటాయి. అందుకే అది మోరిలోకి కాక ఇంకుడు గుంతలోకి పోవాలి. మడ్డిలో ఏలికపాముల గుడ్లు నెలల తరబడి చావవు. రెండు మూడేళ్లకోసారి దాన్ని తోడించమని కేంద్ర ప్రభుత్వ సలహా పత్రాలు చెబుతాయి. ఈ లెక్కన నాకు సెప్టిక్ ట్యాంకు అనే పేరు తప్ప తక్కిన లక్షణాలు తక్కువే. మా వీధిలో ఆ పేరు పెట్టుకున్నవాళ్లలో సిమెంటు రింగులు దింపిన గుంతలున్నాయి, ఒట్టి రాతి కట్టు బావులున్నాయి. ఇళ్లవాళ్లు మాత్రం అందరినీ సెప్టిక్ ట్యాంకనే పిలుస్తారు. అడిగినవాళ్లకూ అదే చెబుతారు.

అడిగేవాళ్లు చాలామందే వచ్చారు. మొదట వచ్చింది జనగణన. 2010 ఎండాకాలంలో ఇళ్ల జాబితా రాయడానికి ఒక బడి పంతులు గొడుగేసుకుని వచ్చాడు. ఇంట్లో లెట్రిన్ ఉందా? ఉంటే ఎందులోకి పోతుంది? మురుగు కాలువ పైపా, సెప్టిక్ ట్యాంకా, గుంతా, తెరిచిన మోరీయా, మనిషి ఎత్తిపోస్తాడా? "సెప్టిక్ ట్యాంకే సార్" అని అరుగు మీది నుంచే చెప్పాడు ఇంటాయన. పంతులు ఒక అంకె వేసుకుని పక్కింటికి పోయాడు. ఇంటి ఆవరణలో లెట్రిన్ ఉన్న ఇళ్లు దేశంలో 46.9 శాతమని ఆ లెక్కలు తేల్చాయి. సగానికి పైగా ఇళ్లలో అసలది లేని కాలం. ఉందా లేదా అన్న ప్రశ్నే అప్పటికి పెద్ద ప్రశ్న. కింద ఏముందో చూడలేదని పంతుల్ని నేను తప్పుపట్టను.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. ఊరూరా లెట్రిన్లు లేచాయి. ప్రతి కొత్త తలుపు వెనకా నేలలో నాలాంటి వాడొకడు పుట్టాడు. 2019లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మా వీధికి వచ్చింది. దేశమంతటా 6 లక్షల 36 వేలకు పైగా ఇళ్లను అడిగితే అందులో మా ఇల్లూ పడింది. అంటే మా ఇంటామె చెప్పే జవాబు కొన్ని వందల ఇళ్ల తరఫున నిలబడుతుంది. లెట్రిన్ ఎటువంటిదని అడిగారు. వేరే ఇంటివాళ్లు కూడా వాడుకుంటారా అని అడిగారు.

"మా లెట్రిన్ల ఇంకోళ్లెందుకొస్తరు బిడ్డా?" అని ఇంటామె కస్సుమంది.

అంతే, నేను గట్టెక్కాను. మలం మనిషికి తగలకుండా వేరుచేసే మెరుగైన మరుగుదొడ్డి, పైగా పంచుకోనిది. ఇటువంటి ఇళ్లలో ఉండే జనం అంతకు ముందు విడతలో 48 శాతం పైచిలుకు ఉంటే, ఈ విడతలో 70 శాతానికి చేరారు. నిజమైన మార్పే అది. చీకట్లో బయటికి పోవాల్సిన బాధ తప్పిన ఆడవాళ్లను అడిగితే చెబుతారు. మంచి మార్కు పడిన ఆ రోజున కూడా నా రెండో అర గొట్టం మోరిలో కారుతూనే ఉంది.

మేస్త్రీ చెప్పిన బేఫికర్ కాలం ముగిసింది. అడుగున మట్టి రంధ్రాలన్నీ జిగురు పట్టి మూసుకుపోయాయి. నీరు ఇంకడం మానింది, మడ్డి గొట్టం దాకా పేరుకుంది. వానాకాలం ఒకనాడు లెట్రిన్ గిన్నెలో నీళ్లు దిగకుండా గుడగుడమన్నాయి. అప్పటికి కరోనా పోయింది. చిన్నకొడుకు కరెంటు స్తంభం మీద రాసి ఉన్న నంబరుకు ఫోను చేశాడు. ట్యాంకరు బండి వచ్చింది. రాతి బండ జరిపారు. పుట్టిన తర్వాత వెలుతురు చూడడం అదే మొదలు.

మూత తీయగానే మా దగ్గర తొంగి చూడకూడదు. లోపల మీథేనుంటుంది, హైడ్రోజన్ సల్ఫైడుంటుంది. రెండో వాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి కూలిపోతాడు. అటువంటి చావులు దేశంలో ఇంకా ఆగలేదు. కాపాడే సాధనాలు లేకుండా మనిషిని మాలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో, ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ పోరాటాన్ని కోర్టు దాకా నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ మన తెలుగువాడే, కోలారు బంగారు గనుల దగ్గర పుట్టినవాడు. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ దిగలేదు, లావుపాటి పైపు మాత్రమే దిగింది. మోటారు మోతలో డ్రైవరు ఫోనులో అన్న మాట నాకు వినబడింది.

"ప్లాంటు దాకా ఎందుకే, డీజిల్ దండగ. చెరువు కింద పొలమాయన అడిగిండు, ఆడ ఇడుస్తం."

పైసలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. రసీదు లేదు.

ఊళ్లో ప్లాంటు లేదని కాదు. బండ్లకు లైసెన్సు ఉండాలి, తోడిన మడ్డిని శుద్ధి కేంద్రానికే చేర్చాలి అని దేశంలో మొట్టమొదట నిబంధనలు పెట్టిన నగరం మా వరంగలే, 2016లో. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాళ్లు అందుకు సాయపడ్డారు. మరుసటి ఏడు, 2017లో, కేంద్రం మల వ్యర్థాల మీద జాతీయ విధానమే తెచ్చింది. నా మడ్డిని తోడిన బండి ఆ నిబంధనల కంట పడనిది, అంతే.

ఆ తర్వాత సర్వేకు వచ్చింది ట్యాబులు పట్టుకున్న పిల్లల జట్టు, వెంట వాళ్ల మేడం. యునిసెఫ్ చాలా దేశాల్లో చేసే ఇళ్ల సర్వేల్లో ఉన్న ప్రశ్నలే వీళ్లవీ.

"అమ్మా, ట్యాంకు ఎప్పుడన్నా తీయించిండ్రా?"

"తీయించినం బిడ్డా, కరోనా పోయినంక."

"ఎవరు తీసిండ్రు?"

"బండోళ్లు."

"తీసింది ఏడ పోసిండ్రో తెలుసా అమ్మా?"

"గది మాకేం ఎరుక? పైసలిచ్చినం, పోయిండ్రు."

ట్యాబులో సరిగ్గా ఆ జవాబుకొక గడి ఉంది: బండివాళ్లు తీసుకెళ్లారు, ఎక్కడికో తెలియదు. పిల్ల దాన్ని నొక్కింది. పక్కింట్లో అద్దెకున్నవాళ్లు "మేమొచ్చి ఆరు నెలలే" అన్నారు. ఎదురింటాయన "మా ట్యాంకు ఎన్నడూ నిండలే" అని మీసం దువ్వాడు. మూలింటాయన "ప్లాంటుకే పోతదట" అన్నాడు, మున్సిపాలిటీ మైకులో విన్నమాట అది. ఒక్కరూ అబద్ధం ఆడలేదు. ఎవరికి ఎంత తెలుసో అంత చెప్పారు.

తర్వాత ఆ పిల్ల ఇంతవరకు ఎవరూ చేయని పని చేసింది. ఇంటి వెనక్కి నడిచొచ్చింది. బండల మధ్య సందు చూసింది, మోరిలోకి పోయే గొట్టం చూసింది, రాసుకుంది. "తాతా, కింద అడుగు ఏసిండ్రా?" అని కేకేసింది. ఇంటాయన పలకలేదు. ఇంటామె మాత్రం "మేస్త్రీకి తెల్వాలె" అంది. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

సాయంత్రం వేపచెట్టు కింద మేడం మట్టిలో పుల్లతో లెక్క వేసి చూపింది. ట్యాంకులున్న ఇళ్లు నూరు అనుకుందాం. డెబ్బై ఇళ్లు ఎన్నడూ తోడించలేదన్నాయి, పది ఇళ్లు ప్లాంటుకు పోయిందన్నాయి, ఇరవై ఇళ్లు తెలియదన్నాయి. ఎన్నడూ తోడించని గుంతలో మలం అక్కడే మట్టిలో శుద్ధి అవుతుందని అంతర్జాతీయ లెక్కల్లో ఒప్పుకుంటారు. పల్లెలో ఎడంగా ఉన్న పొడి గుంతల విషయంలో అది చాలావరకు సబబే. తెలియదన్న ఇరవైని కూడా మంచివే అనుకుంటే ఈ వీధి నూటికి నూరు. చెడ్డవి అనుకుంటే ఎనభై. ఇక ఆ డెబ్బైలో సగానికి గొట్టం మోరిలోకి ఉందని కళ్లతో చూసి తీసేస్తే నలభై అయిదు.

"ఇళ్లు అవే, జవాబులు అవే. నూరు కావాలన్నా దొరుకుతది, నలభై అయిదు కావాలన్నా దొరుకుతది" అంది మేడం.

అన్నేళ్లు నిండకపోవడం నా గొప్ప కాదని నాకు ముందే తెలుసు. అడుగు లేదు కనుక నిండలేదు, గొట్టం ఉంది కనుక పొంగలేదు. ఆ ఏళ్లలో ఎవరైనా వచ్చి అడిగి ఉంటే, ఎన్నడూ తోడించనిదిగా నేను అందరికంటే మంచి వరుసలో పడేవాణ్ణి. పక్కనే బోరుంది, నాలోంచి ఇంకిన నీరు ఎటు పోయిందో ఆ నీళ్లను పరీక్షిస్తే తెలిసేది. నిండి, బండి పిలిచాక నా వరుస తగ్గింది. చేయాల్సిన పని చేయించుకున్నందుకు మార్కులు పోవడం వింతే.

మేడం ఇంకా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1990 నుంచి దేశాల లెక్కలు తీస్తున్నాయి. 2015 తర్వాత సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో లెట్రిన్ ఉంటే చాలదన్నారు, అందులోది చివరిదాకా సురక్షితంగా పోవాలన్నారు. ఆ కొలతతో చూస్తే 2022లో లోకంలో 57 శాతం మందికే సురక్షిత పారిశుద్ధ్యం ఉంది, 350 కోట్ల మందికి లేదు. ఆరుబయటికి పోయేవాళ్లు 42 కోట్లకు కాస్త తక్కువ. ఆ తేడా చూశారా? గోడా, గిన్నే, మూతా అన్నీ ఉండి కూడా లెక్కకు అందని నాలాంటివాళ్లు ఆ నడుమ చాలామందే ఉన్నారు. ఈ చిక్కు విప్పడానికి బంగ్లాదేశ్, కెన్యా, జాంబియా వంటి చోట్ల ఇంటి ప్రశ్నలతో పాటు ట్యాంకును కళ్లతో చూసే పద్ధతినీ పరీక్షించారట.

నాకు తోచింది ఇది. తన మలం ఎక్కడ పోశారని ఇంటిని అడిగితే ఇల్లు ఏం చెబుతుంది? కంటికి కనబడకుండా పోవాలనే కదా లెట్రిన్ కట్టుకుంది. మూత పగిలిందా, గొట్టం ఎటు పోతోంది, ఆఖరుసారి ఎప్పుడు తోడించారు, ఇవి ఇంటిని అడగండి, చెబుతుంది. అడుగు ఉందో లేదో మేస్త్రీలను అడగండి. ఒక ఊళ్లో ట్యాంకులు ఎట్లా కడతారో వాళ్లు నలుగురు చాలు చెప్పడానికి. ఎక్కడ పోశారన్నది బండివాణ్ణి, ప్లాంటును అడగాల్సిన మాట. తోడిన బండ్లెన్నో, ప్లాంటులో దింపిన బండ్లెన్నో పక్కపక్కన పెడితే పొలాలకూ చెరువులకూ పోయింది ఎంతో తేలుతుంది.

ఆ జట్టు వెళ్లాక ఇంట్లో చిన్న గొడవైంది. "మన బండి ఏడ పోసిందిరా?" అని ఇంటాయన కొడుకును నిలదీశాడు. స్తంభం మీది నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఈసారి లైసెన్సున్న బండినే పిలవాలని, రసీదు తీసుకోవాలని తేల్చుకున్నారు. గొట్టం కింద ఇంకుడు గుంత తవ్వించే మాటా వచ్చింది, ఖర్చు దగ్గర ఆగింది.

రసీదు వస్తే నాకూ సంతోషమే. అయితే అది మడ్డి మా గేటు దాటిందని మాత్రమే చెబుతుంది. ప్లాంటు గేటు దగ్గరి పుస్తకంలోనూ అదే బండి నంబరు, అదే తేదీ ఉండాలి. 2027 జనగణన లెక్కల్లోనూ నన్ను సెప్టిక్ ట్యాంకనే రాసుకుంటారు, రాసుకోనీ. ఆ రెండు కాగితాలూ కలిపి చూసే మనిషి వచ్చేదాకా నన్ను సురక్షితమనే వరుసలో మాత్రం వేయకండి. నా అడుగున ఏముందో నాకు తెలుసు.