ముప్పై ప్లస్ అను డబ్బాకు టీకా తాత్పర్యం

మూలం: “30+ వయసు వారికి. అన్ని రకాల చర్మాలకు. రెండు వారాల్లో ముడతలు తగ్గినట్టు కనిపిస్తాయి.*”

ఈ మూలానికి కర్త ఎవరో తెలియదు. ముఖానికి రాసుకునే క్రీము డబ్బాల మీద కొద్దిపాటి పాఠభేదాలతో దేశమంతా దొరుకుతుంది. కొన్ని ప్రతుల్లో 40+, కొన్నింట 25+ అని ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఈ అంకె కిందికి దిగుతోందే గాని పైకి ఎక్కడం లేదు. మెదక్ జిల్లా కొల్చారం తనదిగా చెప్పుకునే సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది పలకననీ ఒట్టు పెట్టుకున్నాకే వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. డబ్బా రాసినవారు అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు కనుక ఈ వ్యాఖ్యాతకూ ఆ కట్టుబాటు లేదు. డబ్బా మీద వేరేచోట ఉండే ‘రోజుకు రెండుసార్లు’, ‘పై పూతకు మాత్రమే’ అనేవి స్పష్టం. చిక్కంతా మూలంలోని మొదటి రెండు వాక్యాలది. మొదటిది వయసును బట్టి ఎంచుకోమంటుంది. రెండోది చర్మాన్ని బట్టి ఎంచుకోనక్కర్లేదంటుంది. ఈ రెండూ కలిసి కొనేవారి తలకు చుట్టే చుట్టు విప్పడమే ఇక్కడి పని.

‘ముప్పై మొదలుగా గల వయసు ఎవరికి కలదో వారు’ అని విగ్రహం చెబితే 30+ బహువ్రీహి సమాసం. మొదలు చెప్పాడు, తుది చెప్పలేదు. కనుక ముప్పై ఒక్కేళ్ల కూతురు, యాభై నాలుగేళ్ల తల్లి, డెబ్బై ఎనిమిదేళ్ల అమ్మమ్మ, ముగ్గురూ 30+లే. వయసును బట్టి విడదీస్తున్నానని చెప్పి మూడు తరాలను ఒకే డబ్బాలో ముంచడం ఈ పదంలోని చమత్కారం. ఇక ‘అన్ని రకాల చర్మాలకు’. తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి లక్షణ (నిర్వచన) దోషాలు మూడని తెలుసు. గోధుమ వన్నెదే ఆవు అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నదే ఆవు అంటే గేదె కూడా వచ్చి కూర్చుంటుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్టదే ఆవు అంటే ఒక్క ఆవూ మిగలదు, అది అసంభవం. నలభై అయిదేళ్లకూ ముక్కు మీద జిడ్డు తేలేవారికి 30+ ముద్దక్రీము సరిపడదు, అక్కడ అవ్యాప్తి. పందొమ్మిదేళ్లకే బుగ్గలు పొడిబారి పొట్టు రేగేవారికి అదే క్రీము చక్కగా పనిచేస్తుంది, అక్కడ అతివ్యాప్తి. జిడ్డు చర్మానికీ పొడి చర్మానికీ ఒక్కటే అనడం మూడో దోషానికి ఇంచుమించు దగ్గర.

వయసు పైబడితే ముడతలు పడవా అంటే, పడతాయి. కానీ ముడతకు వయసొక్కటే హేతువా? తర్కంలో పాత ఉదాహరణ ఒకటి ఉంది. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాల్చిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడు కావాలి. ఈ తడి కట్టెకే ఉపాధి అని పేరు. (ఉపాధి హామీ పథకం వేరు, అభ్యర్థులు పొరబడరాదు.) వయసుకూ ముడతకూ మధ్య ఉన్న తడి కట్టె ముఖ్యంగా ఎండ. యాభై ఏళ్ల మనిషి చెయ్యెత్తి చూడండి. చంక పక్కన జబ్బ లోపలి చర్మం ఇప్పటికీ నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. అదే చేతికి మణికట్టు మీద గీతలు, గోధుమ మచ్చలు, నొక్కితే వెంటనే సర్దుకోని సడలు. రెండూ ఒకే రోజు పుట్టాయి, రెంటికీ ఆధార్ కార్డు ఒక్కటే. 2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ఫొటో వేసింది. 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ మొహం అది. కిటికీ వైపున్న ఎడమ చెంప కుడిదానికన్నా ఎంతో ముసలిదై, వేలాడి, దుక్కి దున్నినట్టుంది. కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపినా యూవీఏను రానిస్తుంది. మన లారీల్లో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక ఇక్కడ ‘కుడి చెంప’ అని పాఠాంతరం. ఆ ట్రక్కు డ్రైవరు ఒక చెంపకు 50+, ఇంకో చెంపకు 70+ కొనుక్కోవాలా?

‘చర్మ’ శబ్దం దగ్గర కాసేపు ఆగాలి. ఆగకపోతే టీక ఎందుకు? అమరకోశం రాసిన అమరుడు మనిషి తోలుకు త్వక్కు, అసృగ్ధర అని పేర్లిచ్చాడు. అసృగ్ధర అంటే నెత్తురును పట్టి ఉంచేది. అజినం, కృత్తి అన్నవి ఒలిచిన తోళ్లకు. అందుకే శివుడు కృత్తివాసుడు. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు తన సంహితలోని శారీరస్థానంలో చర్మం పుట్టుకను చెబుతూ, పాలు కాగేటప్పుడు మీగడ పొరలు పొరలుగా కట్టినట్టు ఏడు పొరలు కడుతుందన్నాడు. అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర. (మరో ప్రాచీన వైద్యుడు చరకుడు ఆరన్నాడు. ఇద్దరి శిష్యులూ దాని కోసం తలలు పగలగొట్టుకున్నట్టు లేదు.) కొలతకు వడ్లగింజను తీసుకున్నాడు. పైనున్న అవభాసిని మందం గింజలో పద్దెనిమిదో వంతు, అట్టడుగు మాంసధర రెండు గింజలు. మేని రంగులన్నిటినీ చూపేది ఆ పద్దెనిమిదో వంతే. బజారులోని క్రీములు చాలావరకు తిరుగాడేది కూడా ఆ గుమ్మంలోనే. క్రీమంటే మీగడే కదా. చర్మమే మీగడ అయినప్పుడు మనం మీగడకు మీగడ పూస్తున్నాం. అంతకన్నా ముచ్చటైనది తర్వాతి మాట. ఈ కొలతలు కండ ఉన్న చోట్లకే గాని నుదుటికీ సన్నని వేళ్లకూ కావని సుశ్రుతుడే అక్కడ తేల్చి చెప్పాడు. ఒకే మనిషిలో తొడ తోలు వేరు, నుదుటి తోలు వేరు. తన మాట ఎంతవరకు చెల్లుతుందో తానే గీత గీసి చూపిన ఆ జాగ్రత్త ఎంత బాగుంటుందంటే, వ్యాఖ్యాత చేతిలో డబ్బా ఉన్న సంగతి కూడా కాసేపు మరిచిపోతాడు.

డబ్బాకు వద్దాం. పూర్వపక్షి, అంటే ఎదుటి వాదం వినిపించేవాడు, లేచి ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుణ్ణి సాక్ష్యానికి పిలుస్తాడు: బాల్యంలో కఫం, నడివయసులో పిత్తం, ముసలితనంలో వాతం ప్రబలుతాయని ఆయన అనలేదా? వయసును బట్టి చూడమనే కదా దాని అర్థం? అన్నాడు, కాదనలేం. అయితే ఆ ఊపిరిలోనే పగటికీ రాత్రికీ తిన్న అన్నం అరిగే వేళకూ అదే వరుస చెప్పాడు. వయసును ముద్రించేవారు ఆ ప్రమాణాన్ని పూర్తిగా పాటించి ‘30+ వయసు వారికి, మధ్యాహ్నం రెండు గంటలకు, పప్పన్నం సగం అరిగినవారికి’ అని ముద్రించాలి. సుశ్రుతుడే మొటిమలను బూరుగు ముళ్లతో పోల్చి యువకుల మొహాలకు కట్టబెట్టాడు కదా అన్నది రెండో ఆక్షేపం. ఆ మాట మొటిమలు ఎక్కువగా ఎక్కడ కనబడతాయో చెబుతుంది. ముప్పై అయిదేళ్ల ఆవిడ గడ్డం మీది మొటిమ పుట్టిన తేదీ అడిగి రాదు. ట్రెటినాయిన్ అనే మందు చూడండి. అమెరికాలో అది 1971లో మొటిమలకు అనుమతి పొందింది, ఎండకు చెడిన చర్మపు సన్నగీతలకు 1995లో పొందింది. పదహారేళ్ల మొహానికీ యాభై ఏళ్ల మొహానికీ మందు ఒక్కటే. డాక్టరు చీటీ మీద వాడాల్సినది, గర్భిణులు దూరంగా ఉంచాల్సినది. దానికి కూడా 30+ అని బొట్టు పెట్టలేదు.

ఇంకాస్త గట్టి పూర్వపక్షం ఉంది. వయసుతో చర్మం నిజంగానే మారుతుంది: కొల్లాజెన్ తగ్గుతుంది, పై పొర కణాలు ఊడి కొత్తవి రావడం నెమ్మదిస్తుంది, ముట్లుడిగాక ఆడవారికి జిడ్డు తగ్గి చర్మం పొడిబారుతుంది. ఇవన్నీ సత్యమే. కానీ ఆ మార్పు చివరికి పొడిదనంగానో సడలుగానో చర్మం మీదే తేలుతుంది కదా? తేలినదాన్ని చూసి పూత ఎంచుకున్నాక వయసుతో మిగిలిన పనేమిటి? తార్కికులు దీన్ని అన్యథాసిద్ధం అంటారు. కుండకు మన్ను కారణం, సారె కారణం, కుమ్మరి కారణం. ఆ మన్ను మోసుకొచ్చిన గాడిద కూడా కుండకు ముందు అక్కడే ఉంది, అంత మాత్రాన కుండకు కారణం కాలేదు. డబ్బా మీది 30+ ఆ గాడిదే. దాని ఫొటోనే లేబుల్ మీద వేసి, కుండ ధర పెంచి అమ్ముతున్నారు. మొదట్లో వ్యాఖ్యాతకు నవ్వే వచ్చింది గాని, పదిహేను మిల్లీలీటర్ల కంటి క్రీము ధర చూశాక నవ్వు ఆగిపోయింది. 25+ డబ్బా, 40+ డబ్బా పక్కపక్కన పెట్టి వెనకవైపు చీమల బారులాంటి పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ పాళ్లున్నది ముందు రాయడం రివాజు. రెండింటా మొదటి పేరు నీళ్లదే, రెండోది మూడోది చాలాసార్లు గ్లిజరినూ నూనెలూ. నీటికి వయసెంత?

పోనీ చర్మ రకం మాత్రం వేదమా? కాదు. పొడి, మామూలు, జిడ్డు అని మొహాలను విభజించిన ఘనత సౌందర్య సాధనాల వ్యాపారి హెలెనా రూబిన్‌స్టీన్‌కు ఇస్తారు, అంటే ఆ విభజన పుట్టిల్లు కూడా దుకాణమే. 1975లో హార్వర్డ్ డాక్టరు ఫిట్జ్‌పాట్రిక్ చేసిన విభజన వేరు. ఎండకు చర్మం కందుతుందా నల్లబడుతుందా అని చూసి కాంతి చికిత్స మోతాదు తేల్చడానికి ఆయన దాన్ని పెట్టాడు. మొదట తెల్లవారికే నాలుగు రకాలు కట్టి, మనలాంటి చామనఛాయ వారినీ నల్లవారినీ తర్వాత 5, 6 అని చివర చేర్చారు. పైగా రకం పుట్టుమచ్చ కాదు. మే నెల విజయవాడలో జిడ్డోడే మొహం జనవరి ఆదిలాబాద్‌లో చిట్లుతుంది, ఏసీ గదిలో మధ్యాహ్నానికే బిగుసుకుంటుంది. ఇన్ని లోపాలున్నా రకం వైపే మొగ్గాలి. ఎందుకంటే అది ప్రత్యక్షం, వయసు అనుమానం. ఘాటు లేని సబ్బుతో కడిగి, తుడిచి, ఏమీ రాయకుండా గంట ఊరుకుంటే చాలు. ముక్కు, నుదురు మెరిసి టిష్యూ అద్దితే మచ్చ పడిందా, నవ్వితే బుగ్గలు లాగుతున్నాయా, కొత్త క్రీము మోచేతి మడతలో రాస్తే దద్దురు లేచిందా, ఏదీ పుట్టిన తేదీని అడగనక్కర్లేదు. వయసు మాట నిజంగా చెల్లేది రెండు కొసల్లో: పల్చటి చర్మపు పసిబిడ్డల దగ్గర, గీరితే చిట్లే ముసలి చర్మం దగ్గర. బొమ్మలాడుకునే పిల్లలు రెటినాల్ రాసుకోకూడదని చెప్పడానికి వయసు కావాలి. విచిత్రమేమంటే డబ్బాల మీది అంకెలు ఎక్కువగా 25కూ 50కీ మధ్యనే తిరుగుతాయి. వయసు అతి తక్కువ చెప్పగలిగేదీ, జీతం వచ్చేదీ ఆ మధ్యలోనే.

‘తగ్గినట్టు కనిపిస్తాయి’ ఉత్ప్రేక్షాలంకారం. తగ్గాయని కర్త అనలేదు. 1940 నాటి మన మందులు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం కాస్మెటిక్ అంటే శుభ్రపరిచేది, అందగించేది, కనబడే తీరును మార్చేది. రోగం కుదుర్చుతానంటే అది మందు కిందికి వస్తుంది, దానికి లైసెన్సు దారి వేరు. ఆ ‘నట్టు’లో కవిత్వం కన్నా వకీలు పాలు ఎక్కువ. చివరి నక్షత్రం (*) మూలానికి మూలకర్తే రాసుకున్న టీక. భూతద్దం పెడితే వాడినవారి సొంత అంచనా అని అడుగున ఉంటుంది.

వయసు, రకం అని పండితులు ఇలా తర్కించుకుంటూ ఉండగా మందుల షాపు కౌంటరు దగ్గర ఇంకో కథ నడుస్తుంది. మంగు మచ్చలకనో తెల్లబడాలనో అడిగినవారి చేతిలో, వయసూ రకమూ రెండూ అడక్కుండా, స్టెరాయిడ్ కలిసిన ట్యూబు పెడతారు. వారంలో మొహం నిగనిగలాడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్ర నరాలు తేలి, మానేస్తే మంటలు మొదలవుతాయి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మరాదని కట్టడి చేసింది. చీటీ ఏదని అడిగే కౌంటర్లు ఎన్నున్నాయో కొనేవారికే తెలుసు. 30+ అని రాయడానికి ఉన్న శ్రద్ధలో పదో వంతు ‘ఇందులో స్టెరాయిడ్ ఉంది’ అని తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో రాయడానికి లేకపోయింది.

డబ్బా మీద ఒక వయసు మాత్రం నమ్మదగినది. అడుగున, మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మలో ‘12 ఎం’ అని ఉంటుంది. తెరిచాక పన్నెండు నెలలు అని దాని అర్థం. అందులో చెప్పిన వయసు కొనేవారిది కాదు, క్రీముది. విటమిన్ సి సీరమైతే ఆ బొమ్మ కూడా చూడనక్కర్లేదు, లేత రంగు పోయి టీ డికాషన్ రంగుకు తిరిగిందంటే దానికి ముసలితనం వచ్చినట్టే. దాన్ని పారబోయాలి.